'వాంతులు విరేచనాలు' అని పంపితే డెస్కు 'కలరా' చేసేసింది: కడుపు జబ్బుల వార్త ఎలా రాయాలి?

గుణుపురం_స్ట్రింగర్
కొండ మీద ఊళ్ళో వాంతులు, విరేచనాలు. 31 మంది. కాపీలో అంతవరకే రాసి డెస్కుకి, అంటే కాపీ దిద్ది హెడ్డింగు పెట్టేవాళ్ళకి, పంపాను. పొద్దున పేపరు తీస్తే 'కలరా పంజా'. మధ్యాహ్నానికి ఆరోగ్య శాఖ నుంచి ఫోను, కలరా అని నీకెవరు చెప్పారని. నిజమే, ఎవరూ చెప్పలేదు. మర్నాడు వాళ్ళే 'కలరా కాదు, మామూలు డయేరియా' అన్నారు. డెస్కు అదీ వేసేసింది. ఐదో రోజున భువనేశ్వర్ రిపోర్టు: రెండు శాంపిళ్ళలో కలరా క్రిమి. మూడు వార్తలూ మా పేపర్లోవే, ఒకదానితో ఒకటి తన్నుకుంటున్నాయి.
అడిగేది ఒకటే. రోగం పేరు ఎప్పుడు రాయొచ్చు? ఎప్పుడు రాయకూడదు? ల్యాబు వాళ్ళు, వార్డు వాళ్ళు, డెస్కు వాళ్ళు ఇక్కడే ఉన్నారు కదా. తిట్టేవాళ్ళు తిట్టండి గానీ పనికొచ్చేలా తిట్టండి.

నైట్‌డెస్క్
మా మీద పడేముందు ఒక మాట వినండి. 'తీవ్ర నీళ్ళ విరేచనాలు' రెండు కాలమ్‌ల హెడ్డింగులో పట్టి చావదు. 'కలరా' అంటే మూడక్షరాలు. సమర్థించుకోవడం లేదు, రాత్రి పదకొండున్నరకి ఎలా జరుగుతుందో చెప్తున్నా.

పర్లాకిమిడి_మాస్టారు
'బేదులు' కూడా మూడక్షరాలే బాబూ. మన వైపు తెలీనివాడు లేడు.

ల్యాబ్_బెంచి
స్ట్రింగర్ గారూ, మీ మొదటి వార్తా రెండో వార్తా చేసిన తప్పు ఒక్కటే. రెండూ ల్యాబు నోరు తెరవకముందే మాట్లాడాయి.

కలరా అని తేల్చే దారి ఇది. రోగికి యాంటీబయాటిక్ పడకముందే మలం గానీ, మలద్వారం నుంచి స్వాబ్ గానీ తీయాలి. స్వాబ్‌ని క్యారీ-బ్లెయిర్ అనే మెత్తటి జెల్ ఉన్న గొట్టంలో అడుగుదాకా గుచ్చి, పైకి మిగిలిన పుల్ల విరిచేసి మూత బిగిస్తారు. అందులో క్రిమి మామూలు గది వేడిలోనే రోజుల తరబడి బతుకుతుంది. ఉత్త డబ్బాలో తీసిన మలం అయితే 2 గంటల్లో బల్ల మీదికి రావాలి. ఎండలో జీపు డాష్‌బోర్డు మీద పెట్టి ఘాట్ రోడ్డు దింపితే అందులో వెతకడానికి ఏమీ మిగలదు.

ఇక్కడికొచ్చాక ముందు ఆల్కలైన్ పెప్టోన్ నీళ్ళలో 6 నుంచి 8 గంటలు పెంచుతాం. తర్వాత టీసీబీఎస్ అనే ఆకుపచ్చ పళ్ళెం మీద గీస్తాం. రాత్రంతా 37 డిగ్రీల్లో ఉంచితే పొద్దున్నకి పసుప్పచ్చ చుక్కలు లేస్తాయి. చుక్కలు లేచాయని సంబరపడకూడదు. యాంటీసీరం చుక్క వేసి, క్రిమి గుచ్చాలు కడుతోందో లేదో చూడాలి. కలరా క్రిమిలో ఓ1 వర్గమా, ఓ139 వర్గమా, ఓ1 అయితే అందులో ఒగావా రకమా ఇనాబా రకమా అన్నది అప్పుడు తెలుస్తుంది. బల్ల మీదే 2, 3 రోజులు. రోడ్డు మీద పోయిన రోజులు దీనికి అదనం. మీకు ఐదో రోజున వచ్చిందంటే ఎవరూ నిద్రపోలేదన్నమాటే.

పావుగంటలో గీత చూపించే కార్డు టెస్టు కూడా ఉంది. అది ఊళ్ళో కలరా ఉందేమో జాగ్రత్తపడండి అనడానికి పనికొస్తుంది. ఫలానా మనిషికి కలరా అని పేపర్లో వేయడానికి చాలదు.

రెండో వార్త మరీ తప్పు. 'కలరా కాదు' అనడానికీ ఇదే పరీక్ష కావాలి. పైగా అప్పటికే డాక్సీసైక్లిన్ లాంటి యాంటీబయాటిక్ మింగినవాడి శాంపిల్లో ఏమీ రాకపోవచ్చు. అందుకే 'కనబడలేదు' వేరు, 'లేదు' వేరు. మేం రిపోర్టులో రాసేది మొదటిది. మీరు అచ్చు వేసేది రెండోది.

గుణుపురం_స్ట్రింగర్
మరి మొదటి రోజు ఏం రాయమంటారు? 31 మంది పడిపోతే ఐదు రోజులు నోరు మూసుకోవాలా?

పిల్లల_వార్డు
మూసుకోవద్దు. చూసింది చూసినట్టు రాస్తే అదే పెద్ద వార్త.

24 గంటల్లో 3 సార్లో అంతకంటే ఎక్కువో పలచగా అయితే దాన్ని విరేచనాలు అంటాం. తల్లిపాల మీదున్న పసిబిడ్డకి మెత్తగా అవడం మామూలే, అది లెక్కలోకి రాదు. నీళ్ళలా అవుతోందా, రక్తం జిగురు పడుతోందా అని కచ్చితంగా అడగండి. రక్తం ఉంటే దారి వేరు, మందు వేరు. 14 రోజులు దాటితే మళ్ళీ వేరే పేరు. ఈ మూడింటికీ మన పేపర్లలో 'అతిసారం' అని ఒక్కటే మాట పడుతుంది.

ఇంకొకటి. పిల్లలకి నీళ్ళ విరేచనాలు ఎన్నో కారణాలతో వస్తాయి. కానీ 2 ఏళ్ళు దాటిన మనిషి, ముఖ్యంగా పెద్దవాళ్ళు, బియ్యం కడుగులాంటి విరేచనాలతో గంటల్లో ఒళ్ళు పీక్కుపోయి పడిపోతే కలరా అనుమానించాల్సిందే. ల్యాబు రాకముందే చికిత్స మొదలవుతుంది. కాబట్టి 'కలరా అనుమానిస్తున్నామని ఫలానా సీహెచ్‌సీ (సామాజిక ఆరోగ్య కేంద్రం) వైద్యాధికారి చెప్పారు, నమూనాలు ఫలానా రోజు పంపారు' అని రాయొచ్చు. అనుమానం ఎవరిదో, పేరు ఉండాలి. డెస్కుది కాకూడదు.

నైట్‌డెస్క్
'అంతుచిక్కని వ్యాధి' అని పెట్టుకుంటే ఏ గొడవా ఉండదని మా పాత ఇన్‌చార్జి అనేవాడు.

ల్యాబ్_బెంచి
ఎవరి అంతుకు? శాంపిలే తీయని రోజున 'అంతుచిక్కని' అనడం, బావిలో చేద వేయకుండానే నీళ్ళు లేవనడం.

పర్లాకిమిడి_మాస్టారు
మన ఆంధ్రా ఒడిశా బోర్డరు మీద ఇంకో తలనొప్పి ఉంది. ఒడియా ప్రెస్ నోటు పట్టుకుని తెలుగు చేస్తాం. వాళ్ళు 'ఝాడాబాంతి' అంటే వాంతులు విరేచనాలు, అంతే. దాన్ని కలరా అని దింపకూడదు. కలరాకి వాళ్ళకి 'హైజా' అని వేరే మాట ఉంది. ఇంకా గమ్మత్తు 'ఆమాశయ'. ఒడియాలో అది జిగట విరేచనాలు. మనకి ఆమాశయం అంటే తిండి పడే సంచి. 'ఆమాశయంతో 12 మంది ఆస్పత్రిపాలు' అని తెలుగులో అచ్చయిన కాపీ చూశాను. కడుపు లేనివాళ్ళు ఎవరున్నారు చెప్పండి, అందరం ఆమాశయంతోనే బతుకుతున్నాం.

సిరొంచ_గోదారి
మాస్టారూ, మా గడ్చిరోలి వైపు మరాఠీది వినండి. అక్కడి పేపర్లు వానాకాలం రాగానే 'గ్యాస్ట్రో' అని రాస్తాయి. వాంతులు విరేచనాలని అర్థం. దాన్ని మావాళ్ళు 'గ్యాస్ట్రిక్ సమస్య' అని దింపుతారు. ఊళ్ళో జనం కుప్పకూలుతుంటే తెలుగు పాఠకుడికి కడుపుబ్బరం వార్త అందుతుంది. 'జులాబ్', 'హగవణ్' కూడా విరేచనాలే. 'పటకీ' అంటే కలరా. 'కావీళ్' అంటే కామెర్లు. కావిడి కాదు.

గుణుపురం_స్ట్రింగర్
అన్నా ఆ 'గ్యాస్ట్రో' దెబ్బ నేనూ తిన్నాను. సరే, అంకెల సంగతి ఏంటి? చావులు ఆఫీసు 2 అంటుంది, ఊరు 7 అంటుంది.

ఎస్_పి_ఎల్
అంకె చెప్పిన ప్రతివాడినీ 'ఇది ఏ ఫారంలోది?' అని అడుగు తమ్ముడూ. జిల్లా నిఘా విభాగంలో మూడు ఉంటాయి. ఊళ్ళో ఆరోగ్య కార్యకర్త లక్షణాలు చూసి నింపేది ఎస్. డాక్టరు చూసి ఫలానా జబ్బు కావచ్చని నింపేది పి. ల్యాబు తేల్చాక నింపేది ఎల్. ఇప్పుడు అవన్నీ కేంద్ర ఆరోగ్య శాఖ ఐహెచ్‌ఐపీ పోర్టల్లోకి ఎక్కుతాయి. ఎస్‌లో 31, పిలో 19, ఎల్‌లో 2 ఉండొచ్చు. మూడూ నిజమే. ఒక పేపరు 31 అని, ఇంకోటి 2 అని రాస్తే పాఠకుడు ఎవడో అబద్ధమాడుతున్నాడనుకుంటాడు.

చావుల దగ్గర ఇంకా నిదానించాలి. ఆఫీసు లెక్కలో సాధారణంగా ఆస్పత్రికి చేరినవాళ్ళే ఉంటారు. దారిలో డోలీలో పోయినవాళ్ళు, ఇంట్లో పోయినవాళ్ళు ఊరి లెక్కలో ఉంటారు. ఊరి లెక్కలో ఒక్కోసారి అదే వారం పక్షవాతంతో పోయిన ముసలాయన కూడా కలుస్తాడు. కాబట్టి ఒక్కొక్కరికీ వయసు, ఎన్ని గంటలకి మొదలైంది, ఎన్ని గంటలకి పోయారు, ఎక్కడ పోయారు అని రాసుకో. పేర్లు నోట్‌బుక్కులో ఉంటే చాలు, పేపర్లో అక్కర్లేదు. '2 అని శాఖ, 7 అని గ్రామస్థులు' అని రాసి ఊరుకోవద్దు. ఆ మిగతా 5 ఎక్కడ పోయారో ఒక వాక్యం ఉంటేనే అది రిపోర్టింగు.

ఊరి జనాభా కూడా రాయి. 140 మంది ఉన్న గూడెంలో 31 వేరు, 3,000 ఉన్న ఊళ్ళో 31 వేరు.

రాయగడ_పాతకాపు
2001 గుర్తుచేసుకోండి. రాయగడ జిల్లా కాశీపూర్ బ్లాకులో మామిడి టెంకల జావ తాగి జనం పోయారు. విషాహారం అని ఒక పక్షం, ఆకలి చావులు అని ఇంకో పక్షం, పేపర్లన్నీ రెండు జట్లు. బూజు పట్టిన టెంక తింటే విషమే. బూజు పట్టిన టెంక ఎందుకు తిన్నారంటే ఇంట్లో గింజ లేక. రెండూ ఒకే వాక్యంలో పట్టేవే, ఎవరూ పట్టించలేదు. 2007లో రాయగడ, కోరాపుట్, కలహండి జిల్లాల్లో కలరా వచ్చినప్పుడూ అదే వరస. పేరు మీద కొట్లాటలో నీళ్ళ సంగతి వెనక పేజీకి పోయింది.

ట్యాంకు_బ్లీచింగ్
నీళ్ళ సంగతి నేను చెప్తాను. 'నీటి నమూనాల్లో కలరా' అని రాస్తుంటారు. ఊళ్ళో చేసే పరీక్ష ఎక్కువగా చిన్న సీసాలో నీళ్ళు పోసి నల్లబడుతుందా చూసేది, హెచ్2ఎస్ సీసా. నల్లబడితే మలం కలిసి ఉండొచ్చని అర్థం. అందులో కలరా ఉందో లేదో ఆ సీసాకి తెలీదు. నల్లబడకపోయినా నీళ్ళు శుభ్రమని సర్టిఫికెట్టు కాదు.

'క్లోరినేషన్ చేశామని అధికారులు తెలిపారు' అని రాసే ముందు కుళాయి దగ్గర మిగులు క్లోరిన్ ఎంత అని అడగండి. లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. వ్యాప్తి ఉన్నప్పుడు 0.5 చూస్తాం. మందు చుక్కలు వేస్తే రంగు తేలే డబ్బా పంపు ఆపరేటర్ దగ్గరే ఉంటుంది, మీ ముందే వేయమనండి, అర నిమిషం పని. ట్యాంకు దగ్గర చూసి సరిపెట్టొద్దు, చివరి ఇంటి కుళాయి దగ్గర చూడాలి. బ్లీచింగ్ పౌడర్లో క్లోరిన్ 33 శాతం ఉంటే సుమారుగా 1,000 లీటర్లకి 2.5 గ్రాములు, వేశాక కనీసం అరగంట ఆగాలి. బస్తా మూతి తెరిచి వానాకాలమంతా గదిలో పడేస్తే ఆ 33 ఎక్కడికో పోతుంది. బస్తా మీద తేదీ ఫొటో తీయండి, వీలైతే దాని పక్కనే మనిషిని కూడా.

కొండ ఊళ్ళలో ట్యాంకే ఉండదు, గెడ్డో (వాగు) చెలమో. చెలమలో బ్లీచింగ్ చల్లడం ఫొటోకి బాగుంటుంది, ఊట ఊరుతూనే ఉంటుంది కాబట్టి కాసేపటికి కొట్టుకుపోతుంది. అక్కడ బిందెకి ఇన్ని అని క్లోరిన్ మాత్రలు పంచారా అన్నదే అడగాలి.

నైట్‌డెస్క్
ఇవన్నీ 200 మాటల కాపీలో ఎక్కడ పెట్టమంటారు?

ట్యాంకు_బ్లీచింగ్
'మంత్రి ఆరా తీశారు' అన్న పేరా తీసేస్తే చోటు దొరుకుతుంది.

ఫార్మసీ_కౌంటర్
వార్త పక్కన జాగ్రత్తల డబ్బా వేస్తారే, దాని గురించి. అసలు ప్రమాదం అందులో ఉంది.

ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్టు 20.5 గ్రాములు: గ్లూకోజ్ 13.5, ఉప్పు 2.6, పొటాషియం క్లోరైడ్ 1.5, సిట్రేట్ 2.9. ఇది ఒక లీటరుకి, గ్లాసుకి కాదు. గ్లాసులో పెద్ద ప్యాకెట్టు కలిపితే పిల్లాడి రక్తంలో ఉప్పు ఎక్కి ఫిట్స్ రావచ్చు. గ్లాసుకి అని వేరే చిన్న ప్యాకెట్లు వస్తాయి, 200 మిల్లీలీటర్లవి. అందుకే డబ్బాలో 'ప్యాకెట్టు మీద ఎన్ని నీళ్ళని రాసుందో అన్నే' అని ఉండాలి. కలిపింది 24 గంటలు దాటితే పారబోయాలి.

ప్యాకెట్టు దొరకని చోట ఇంటిది: లీటరు నీళ్ళు, 6 టీస్పూన్ల పంచదార, అర టీస్పూన్ ఉప్పు. స్పూన్ అంచుకి గీకి సమంగా, కుప్పగా పోయకూడదు. డెస్కు వాళ్ళూ, ఈ ఒక్క వాక్యం ఇద్దరు చదివి పేజీ వదలండి. 6కీ అరకీ చోటు మారితే అది అచ్చుతప్పు అనిపించుకోదు.

ఇంకా ఒకటి. అట్ట డబ్బాల్లో తియ్యటి పానీయాలు 'ఓఆర్‌ఎస్' అన్న పేరు తగిలించుకుని చాలా ఏళ్ళు అమ్ముడుపోయాయి. అసలు ద్రావణం కంటే వాటిలో చక్కెర ఎన్నో రెట్లు. చక్కెర ఎక్కువైతే పేగులోకి నీళ్ళు ఇంకా లాగుతుంది, విరేచనం పెరుగుతుంది. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజనీ సంతోష్ ఏళ్ళ తరబడి దీని మీద పోరాడితే 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ మాట పానీయాల పేర్లలో వాడొద్దని ఆదేశించింది. 'ఓఆర్‌ఎస్‌ని నిషేధించారు' అని కొన్ని వెబ్‌సైట్లు పెట్టిన హెడ్డింగులు చూసి కౌంటర్ దగ్గర జనం అసలు ప్యాకెట్టునే వద్దన్నారు.

పిల్లల_వార్డు
ఆ డబ్బాలో జింకు కూడా చేర్చండి. 6 నెలలు దాటిన పిల్లలకి రోజుకి 20 మిల్లీగ్రాములు, 2 నుంచి 6 నెలల వాళ్ళకి 10, 14 రోజులు. విరేచనాలు ఆగినా ఆపకూడదు. ఇది ఏ పేపర్లోనూ కనబడదు.

'సెలైన్ కూడా ఎక్కించలేదు, ఓఆర్‌ఎస్‌తో సరిపెట్టారు' అన్న వాక్యం మీద మాత్రం నాకు ఒళ్ళు మంట. అది నిర్లక్ష్యం కాదు, అదే చికిత్స. 1971లో బంగ్లా శరణార్థుల శిబిరం, పశ్చిమ బెంగాల్లోని బనగాం. సెలైన్ సీసాలు అయిపోతే డాక్టర్ దిలీప్ మహలనబిస్ డ్రమ్ముల్లో ఉప్పు, గ్లూకోజ్ కలిపి తాగించారు. 30 శాతం దాకా ఉన్న చావులు 3 శాతం దగ్గరికి దిగాయి. తాగలేనివాడికి, మత్తుగా పడి ఉన్నవాడికి, పొట్ట చర్మం చిటికెతో పట్టి వదిలితే 2 సెకన్లు దాటినా సర్దుకోనివాడికి సెలైన్ తప్పదు. అప్పుడు ఎక్కించకపోతే రాయండి, నేను మీ పక్కన నిలబడతా. మిగతావాళ్ళకి సూది లేకపోవడం మంచిదే.

గుణుపురం_స్ట్రింగర్
డాక్టరమ్మా, సెలైన్ స్టాండు లేకుండా ఫొటో అడగరు మా వాళ్ళు.

పిల్లల_వార్డు
గ్లాసు పట్టుకుని చెంచాతో తాగిస్తున్న తల్లి చేతులు తీయండి. మొహం కూడా అక్కర్లేదు.

హాస్టల్_వార్డెన్
ఆశ్రమ పాఠశాల వార్త సంగతి తేల్చండి. ఏం జరిగినా 'సాంబారులో బల్లి'.

పర్లాకిమిడి_మాస్టారు
పంచాంగంలో తల మీద పడితే ఒక ఫలం, భుజం మీద పడితే ఒక ఫలం అని ఉంది. సాంబారులో పడితే ఏమిటో మాత్రం పేపరు వాళ్ళే రాశారు.

ల్యాబ్_బెంచి
మన గోడ మీది బల్లికి విషం లేదు. ఒంటి మీద సాల్మొనెల్లా ఉండొచ్చు, కానీ సలసల కాగే సాంబారులో అది చచ్చిపోతుంది. చల్లారాక పడి అందులో ఉన్నా, మనిషి పడిపోవడానికి కనీసం 6 గంటలు, సాధారణంగా 12 నుంచి 36 పడుతుంది. భోజనం చేస్తుండగానే వాంతులైతే ఆ లెక్క కుదరదు.

గడియారం చూడండి, అదే సగం చెబుతుంది. అరగంట నుంచి 6 గంటల్లోపు ఎక్కువగా వాంతులే అయితే స్టాఫిలోకాకస్ అనే క్రిమి విషమో, బాసిల్లస్ సీరియస్ అనే క్రిమి విషమో. మొదటిది వండినవాడి చేతి పుండు నుంచి వస్తుంది, మళ్ళీ వేడి చేసినా చావదు. రెండోది గంపెడు అన్నం వార్చి గోరువెచ్చగా గంటలు వదిలేస్తే. 8 నుంచి 16 గంటలకి కడుపునొప్పి, విరేచనాలు, వాంతి పెద్దగా లేదంటే పెద్ద డేగిసాలో మెల్లగా చల్లారిన మాంసం కూర మీద అనుమానం. కాబట్టి 'నిన్న రాత్రి తిన్నారు, ఈ పొద్దున పడ్డారు' అని తోచింది రాయకుండా ఎన్నింటికి తిన్నారు, మొదటి వాంతి ఎన్నింటికి అని రెండు టైములు రాయండి.

తిననివాళ్ళని కూడా అడగండి. ఉదాహరణకి గుడ్డు కూర తిన్న 40 మందిలో 28 మంది పడి, తినని 20 మందిలో ఒక్కడే పడితే కూర మీద వేలు పెట్టొచ్చు. తిన్నా తినకపోయినా సమానంగా పడితే కూరని వదిలి తాగే నీళ్ళు చూడాలి.

హాస్టల్_వార్డెన్
బల్లి కనబడిందని కేక వినగానే 60 మంది కక్కుకుంటే? పిల్లలు నాటకమాడారని రాశారు ఒకసారి.

పిల్లల_వార్డు
నాటకం కాదు. అసహ్యం, భయం చాలు, వాంతి నిజంగానే వస్తుంది. పక్కవాడు కక్కితే ఇంకొకడు. 'పరిశీలనలో ఉంచారు, అందరూ కోలుకున్నారు, ఆహార నమూనాలు ఫలానా చోటికి పంపారు' అని రాయండి. పంపారో లేదో కనుక్కుని మరీ రాయండి. చాలాసార్లు సాంబారు అప్పటికే పారబోసి గిన్నె తోమేసి ఉంటారు.

రాయగడ_పాతకాపు
చద్దన్నాన్ని కూడా వదిలేయండి బాబూ. మన ఒడియా వాళ్ళ పఖాళ, మన చద్ది, లక్షల ఇళ్ళలో రోజూ తింటారు. ఎవడు పోయినా ముందురోజు పఖాళ తిన్నాడని రాస్తే అది కారణం అయిపోదు.

సిరొంచ_గోదారి
కామెర్ల గురించి ఒకరు రాయండి. నిన్న పైపు పగిలింది, ఇవాళ కామెర్లు అని వేస్తున్నారు.

ఎస్_పి_ఎల్
కుదరదు. నీళ్ళ ద్వారా వచ్చేవి హెపటైటిస్ ఏ, ఈ. హెపటైటిస్ ఏ అయితే 15 నుంచి 50 రోజులు లోపల దాక్కుంటుంది, సగటున 28. హెపటైటిస్ ఈ అయితే 2 నుంచి 10 వారాలు. ఇవాళ కళ్ళు పచ్చబడినవాడు వారాల కిందటి నీళ్ళు తాగినవాడు. పైపు పగిలిన పాత తేదీ వెతకాలి. 1955 డిసెంబరులో ఢిల్లీలో వచ్చిందే, 29 వేల మంది పైన, అక్కడా యమునలో మురుగు వెనక్కి తన్నింది ముందు, కామెర్లు వారాల తర్వాత. అది హెపటైటిస్ ఈ అని ఎన్నో ఏళ్ళకి గానీ తేలలేదు.

కామెర్లు అన్నది లక్షణం. ఐజీఎం రక్తపరీక్షలో ఏ వైరస్ అని తేలిందో అడిగి రాయండి. హెపటైటిస్ ఈ అని తేలితే గర్భిణుల గురించి ఒక పేరా తప్పనిసరి. చివరి మూడు నెలల్లో ఉన్నవాళ్ళకి సోకితే 20 నుంచి 25 శాతం దాకా చనిపోతారు. ఊళ్ళో ఎంతమంది గర్భిణులున్నారో ఆశా కార్యకర్తకి తెలుసు. ఆమెని అడిగినవాడు తక్కువ.

సిరొంచ_గోదారి
పసరు మందుతో తగ్గిందని రాసేవి?

ఎస్_పి_ఎల్
హెపటైటిస్ ఏ, ఈ రెండూ చాలామందికి వాటంతటవే కొన్ని వారాల్లో తగ్గుతాయి. పసరు తాగినా తగ్గుతాయి, తాగకపోయినా తగ్గుతాయి. పేరు పసరుకి పోతుంది.

నైట్‌డెస్క్
ఆదివారం ఆరోగ్యం పేజీ కూడా నా నెత్తినే ఉంది. ఈ వారం 'అల్సర్, ఐబీఎస్, పేగుపూత' ఒకే వ్యాసంలో వచ్చాయి. ఏం దిద్దాలి?

స్కోప్_గది
ముందు 'పేగుపూత' మాట పట్టుకోండి. జనం కడుపులో మంటకీ అదే అంటారు, పుండుకీ అదే, పేగు వాచే జబ్బు ఐబీడీకీ అదే. మూడు వేర్వేరు జబ్బులు.

అల్సర్ అంటే కారం తిని వచ్చేది అని రాస్తే కొట్టేయండి. ఎక్కువ అల్సర్లకి కారణం హెలికోబాక్టర్ పైలోరీ అనే క్రిమి, లేదా కీళ్ళనొప్పులకి మింగే మాత్రలు. క్రిమి సంగతి తేల్చినందుకే బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకి 2005లో నోబెల్ వచ్చింది. కారం పుండు మీద మంట పెడుతుంది గానీ పుండు పెట్టదు. శ్వాస పరీక్షో మలం పరీక్షో చేయించుకోమని రాస్తే, పాంటాప్రాజోల్ లాంటి గ్యాస్ మాత్రలు 2 వారాల ముందు, యాంటీబయాటిక్ 4 వారాల ముందు ఆగి ఉండాలని కూడా రాయండి, డాక్టరుతో మాట్లాడి ఆపమని. లేకపోతే క్రిమి ఉన్నా లేదని వస్తుంది.

ఐబీఎస్‌కీ ఐబీడీకీ చివర ఒక్క అక్షరమే తేడా, జబ్బులో మాత్రం పొంతన లేదు. ఐబీఎస్‌లో పేగు చూడ్డానికి బాగానే ఉంటుంది, పనితీరు గాడి తప్పుతుంది. 3 నెలలుగా వారానికి కనీసం ఒక రోజు నొప్పి, అది విరేచనంతో ముడిపడటం, ఎన్నిసార్లు ఎలా అవుతుందో మారడం, ఇవి చూస్తాం. ఐబీడీలో పేగు గోడే ఒరుసుకుపోతుంది, రక్తం పడుతుంది, బరువు తగ్గుతుంది. రాత్రి నిద్రలోంచి లేపే విరేచనం, రక్తం, బరువు తగ్గడం ఉన్నవాడికి 'ఐబీఎస్‌కి పది చిట్కాలు' చదివించడం ఘోరం.

మన దేశంలో ఇంకో మెలిక. ఐబీడీలో ఒక రకమైన క్రోన్స్ జబ్బూ పేగు టీబీ రెండూ చిన్నపేగు పెద్దపేగు కలిసే చోటే పట్టుకుంటాయి, లోపలికి కెమెరా గొట్టం పంపి చూసే స్కోపులోనూ ఒకలాగే కనబడతాయి. కాబట్టి 'క్రోన్స్‌ని టీబీ అనుకుని మందులిచ్చారు' అని వైద్యుడి తప్పుగా రాసే ముందు ఇంకో డాక్టరుని అడగండి. టీబీ ఉన్నవాడికి క్రోన్స్ అని స్టెరాయిడ్ ఇస్తే ఇంకా పెద్ద ప్రమాదం.

నైట్‌డెస్క్
'గ్యాస్ మాత్రతో క్యాన్సర్' కూడా వచ్చింది.

స్కోప్_గది
ర్యానిటిడిన్. 2019లో అందులో క్యాన్సర్ తేవచ్చని అనుమానమున్న ఎన్‌డీఎంఏ అనే మలినం కనబడింది, 2020 ఏప్రిల్‌లో అమెరికా మార్కెట్ నుంచి తీయించింది. మన దగ్గర 2022 అత్యవసర మందుల జాబితా నుంచి తీశారు. జాబితా నుంచి తీయడం నిషేధం కాదు. 'గ్యాస్ మాత్ర' అని హెడ్డింగు పెడితే పాఠకుడు పాంటాప్రాజోల్ కూడా పారేస్తాడు. మందు పేరు రాయండి.

శాతాల హెడ్డింగులకీ ఇదే గతి. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం ఐఏఆర్‌సీ ప్రాసెస్ చేసిన మాంసం రోజుకి 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందంది. దేని మీద 18? ముప్పు వందలో 2 అనుకుంటే 2.36 అవుతుంది. రెండు అంకెలూ వేయండి. సిగరెట్టుతో ఒకే వర్గంలో పెట్టారంటే రుజువు అంత గట్టిదని, ముప్పు అంత పెద్దదని కాదు.

ఫార్మసీ_కౌంటర్
ఆ పేజీ కిందే 'అల్సర్, పిత్తాశయంలో రాళ్ళు ఆపరేషన్ లేకుండా మాయం' ప్రకటన ఉంటుందిగా. 1954 డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం జాబితాలో ఆ రెండూ ఉన్నాయి, అలాంటి ప్రకటన వేయకూడదు. పైన స్కోప్ గారి వ్యాసం, కింద పసరు సీసా.

నైట్‌డెస్క్
ప్రకటనల వాళ్ళ గది మా పక్కనే. తలుపు ఎప్పుడూ వేసే ఉంటుంది.

గుణుపురం_స్ట్రింగర్
సరే, మొదటి రోజు కాపీ మళ్ళీ రాశాను. చీల్చండి.
'రాయగడ జిల్లాలోని ఓ కొండ గూడెంలో మూడు రోజుల్లో 31 మందికి వాంతులు, నీళ్ళ విరేచనాలయ్యాయి. గూడెం జనాభా సుమారు 140. 19 మందిని సీహెచ్‌సీలో చేర్చారు, మిగతావారికి ఊళ్ళోనే ఓఆర్‌ఎస్ ఇస్తున్నారు. రక్త విరేచనాలు ఎవరికీ లేవు. ఇద్దరు ఆస్పత్రిలో చనిపోయారని అధికారులు తెలిపారు. మరో ఐదుగురు పోయారని గ్రామస్థులు చెప్తున్నారు. వారిలో ముగ్గురు ఇంట్లో, ఒకరు దారిలో. కలరా అనుమానంతో ఆరుగురి నమూనాలు భువనేశ్వర్ పంపారు, ఫలితానికి కొన్ని రోజులు పడుతుంది. ఊరు తాగేది గెడ్డ నీళ్ళు.'

ఎస్_పి_ఎల్
ముగ్గురు, ఒకరు, నాలుగు. ఐదో మనిషి ఏడీ? 'అధికారులు' అంటే ఏ అధికారి?

గుణుపురం_స్ట్రింగర్
ఐదోది పక్షవాతం ముసలాయనే. మీరన్నట్టే. తీసేస్తున్నా, నలుగురు అని పెడుతున్నా. అధికారి హోదా రాస్తా.

ల్యాబ్_బెంచి
నమూనాలు యాంటీబయాటిక్‌కి ముందు తీశారా తర్వాతా అని అడిగి చేర్చు. రేపు 'కనబడలేదు' అని వస్తే అప్పుడు నీకు ఆ వాక్యం కావాలి.

ట్యాంకు_బ్లీచింగ్
మాత్రలు పంచారా లేదా, అదీ.

నైట్‌డెస్క్
హెడ్డింగు నాది: '31 మందికి బేదులు, శాంపిళ్ళు భువనేశ్వర్‌కి'. కొలిచి చూశా, రెండు కాలమ్‌లలో పట్టింది.